డాంట్‌లెస్ ఆర్డర్ ఇవ్వబోతున్నవాళ్లు ముందు ఇది చదవండి

రెండు రోజులైంది, కోపం ఇంకా తగ్గలేదు. తగ్గాక రాద్దామంటే ఈలోపు మీలో ఇంకెవరైనా అడ్వాన్స్ పంపేస్తారేమోనని ఇప్పుడే రాస్తున్నాను.

అమ్మినతని పేరు రాయను. విమానాల స్కేల్ మోడల్స్ (చిన్న నమూనాలు) కట్టి, రంగులేసి అమ్ముతాడు. ప్రతి ఫోటో కింద 'ఫ్రెష్ బిల్డ్' అని పెడతాడు. మీలో చాలామందికి తెలిసే ఉంటాడు. నేనూ ఆ ఫోటోలు చూసే నమ్మాను. 1/48 స్కేల్‌లో డాంట్‌లెస్ (రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నేవీ వాడిన బాంబర్ విమానం), ఎస్‌బీడీ-3 రకం, 22,000 రూపాయలు. సగం ముందు ఇచ్చాను, మిగతా సగం పార్సిల్ బయల్దేరే ముందు ఇచ్చాను.

అది మా బాబాయి కోసం. ఆయన నేవీలో విమానాల మెయింటెనెన్స్‌లో పనిచేసి విశాఖలోనే రిటైరయ్యారు. మొన్న ఆదివారం ఆయన డెబ్బయ్యో పుట్టినరోజు. చిన్నప్పుడు నాకు మిడ్‌వే యుద్ధం గురించి చెప్పింది ఆయనే. 1942 జూన్ 4 పొద్దున అమెరికా నేవీ పైలట్ డిక్ బెస్ట్ మూడంటే మూడు విమానాలతో జపాన్ విమానవాహక నౌక అకాగి మీదికి డైవ్ చేశాడని, అదే సాయంత్రం మళ్లీ వెళ్లి ఇంకో నౌక హిర్యూ మీద బాంబు వేశాడని, ఆ రోజు ఆక్సిజన్ పరికరంలోంచి వచ్చిన ఘాటు పీల్చి లోపలున్న టీబీ బయటపడి ఇంక జన్మలో విమానం నడపలేదని చెప్పేవారు. ఎన్నిసార్లు అడిగినా మళ్లీ మొదటి నుంచి చెప్పేవారు. అందుకే నాకు కావలసింది ఏదో ఒక డాంట్‌లెస్ కాదు. ఎంటర్‌ప్రైజ్ నౌక మీది బాంబింగ్ సిక్స్ దళంలో బెస్ట్ నడిపిన బీ-1 నంబరు విమానం, ఆ రోజు ఎలా ఉందో అలాగే కావాలి.

ఆ మాట అతనికి స్పష్టంగా రాశాను. పైన బ్లూ గ్రే, కింద లైట్ గ్రే. రెండు రెక్కల పైనా, రెండు రెక్కల కిందా నక్షత్రం. నక్షత్రం మధ్యలో ఎర్ర బొట్టు వద్దు. తోక మీద రడ్డర్‌కి (విమానాన్ని పక్కకి తిప్పే పలకకి) ఎరుపు, తెలుపు చారలు వద్దు. కారణం కూడా రాశాను. 1942 జనవరిలో అమెరికా నేవీ ఆ చారలు వేయించింది. బొట్టు అంతకు చాలా ముందు నుంచే ఉంది. యుద్ధంలో చూస్తే జపాన్ విమానం మీదున్నది కూడా ఎర్రటి సూర్యుడే. గాల్లో అర సెకను చూసి కాల్చే గన్నర్‌కి ఎరుపు కనబడిందంటే చాలు. అంతకుముందు పెర్ల్ హార్బర్ దాడి జరిగిన రాత్రే ఎంటర్‌ప్రైజ్ నుంచి వచ్చిన వైల్డ్‌క్యాట్ ఫైటర్ విమానాలను సొంతవాళ్లే కాల్చి కూల్చేశారు. అందుకే ఎర్ర బొట్టు, చారలు రెండూ తీసేయమని మే నెల మొదట్లో ఆర్డర్ వచ్చింది. అంటే మేలో కోరల్ సీ యుద్ధానికి వెళ్లిన డాంట్‌లెస్‌కి బొట్టు ఉంటుంది, నెల తిరిగేసరికి మిడ్‌వే వెళ్లినదానికి ఉండదు. మధ్యలో గడిచింది నాలుగు వారాలే. ఈ మెసేజ్‌కి అతను బొటనవేలు గుర్తు పెట్టి 'డన్ సార్' అన్నాడు.

శనివారం రాత్రి పార్సిల్ వచ్చింది. విప్పగానే నాలుగు నక్షత్రాల్లోనూ ఎర్ర బొట్లు.

అప్పుడే తిప్పి పంపాల్సింది. తెల్లవారితే పుట్టినరోజు, చేతిలో ఇంకో బహుమతి లేదు. బాబాయి ఏమీ అనరులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తప్పు నాదే. ఆయన ఏమీ అనరని తెలుసు కాబట్టే నేను ఇంకా గట్టిగా ఉండాల్సింది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక బాబాయి బాక్స్ విప్పారు. బొట్టు చూశారు, నా మొహం చూశారు, ఏమీ అనలేదు. చాలా బాగుందిరా అన్నారు. తర్వాత కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ఎడమ రెక్కని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని చూస్తూ ఉండిపోయారు. కాసేపటికి పిలిచారు.

"ఒరేయ్ చిన్నా, దీని కింద ఇంకో పెయింట్ ఉందిరా."

నేనూ వంగి చూశాను. ఎడమ రెక్క మీద నక్షత్రానికి అటొకటి, ఇటొకటి చిన్న దీర్ఘచతురస్రాలు ఉబ్బెత్తుగా ఉన్నాయి. వాటి మీద బ్లూ గ్రే పూసేశారు, రంగులో తేడా లేదు. కానీ పాత డీకాల్ (మోడల్ మీద అంటించే గుర్తు) అంచు వెంట్రుకంత మందాన పైకి లేచి, వెలుతురు పడితే గీతలా నీడ పడుతోంది. కుడి రెక్క పైభాగంలో ఆ గుర్తే లేదు. తిరగేసి చూస్తే కింద కుడి రెక్కకి ఉంది, ఎడమ రెక్కకి లేదు.

తెలిసినవాళ్లకి ఇక్కడే విషయం అర్థమైపోతుంది. నక్షత్రానికి పక్కన తెల్ల పట్టీలు వచ్చింది 1943 జూన్ చివర్లో. పైన ఎడమ రెక్కకి, కింద కుడి రెక్కకి మాత్రమే గుర్తు వేయడం కూడా 1943లో నేవీ మళ్లీ తెచ్చిన పద్ధతే. అంటే అతను కొత్తగా కట్టిందేమీ లేదు. ఎవరో ఎప్పుడో కట్టిన పాత మోడల్ తెచ్చి, దాని మీద రంగు పూసి, నాలుగు నక్షత్రాలు అంటించి పంపాడు. బెస్ట్ విమానం నడపడం ఆగిపోయి ఏడాది దాటాక పుట్టిన గుర్తు మీద బెస్ట్ నంబరు వేశాడు.

అనుమానం వచ్చాక మిగతావీ ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఎస్‌బీడీ-3కి ఇంజిన్ కౌలింగ్ (ఇంజిన్ చుట్టూ ఉండే తొడుగు) పైన గాలి పీల్చే గొట్టం మూతి ఉంటుంది, దీనికి లేదు. అది తీసేసింది తర్వాత వచ్చిన ఎస్‌బీడీ-5 రకంలో. ఎస్‌బీడీ-3 పైలట్ ముందు అద్దంలోంచి బయటికి పొడుచుకొచ్చే, గురి చూసే టెలిస్కోప్ ఉంటుంది. ఎస్‌బీడీ-5కి ఉండదు కాబట్టి ఇతను అద్దానికి బెజ్జం చేసి ఒక ప్లాస్టిక్ పుల్ల గుచ్చాడు. చుట్టూ గమ్ మరక అలాగే ఉంది.

సోమవారం ఫోన్ చేశాను. బాబాయి పక్కనే కూర్చున్నారు. స్పీకర్‌లో పెట్టాను, ఎందుకు పెట్టానా అని ఇప్పటికీ బాధగా ఉంది. బొట్టు సంగతి అడిగితే "డీకాల్ షీట్‌లో అలాగే వచ్చింది సార్" అన్నాడు. రెక్క మీద పట్టీల సంగతి అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత,

"బొమ్మే కదా సార్. బొమ్మకి తేదీ ఏంటి?"

అది కూడా ఓర్చుకున్నాను. ఇది పాత మోడలా కాదా, అది ఒక్కటి చెప్పమన్నాను. దానికి అతనన్న మాట ఇది: "డెబ్బై ఏళ్ల పెద్దాయనకి అన్నారు కదా సార్, ఆయనకి అవన్నీ ఏం కనిపిస్తాయి?"

అంటే ఇది పొరపాటు కాదు. ఎవరికోసమో నేనే ప్రేమగా చెప్పుకున్నాను. అది విని, ముసలాయనే కదా, ఏది ఇచ్చినా సరిపోతుందని లెక్క వేసుకున్నాడు. ముప్పై ఏళ్లు విమానం ఒంటి మీద గీత పడితే కనిపెట్టడమే ఉద్యోగంగా చేసిన మనిషి గురించి ఆ మాట అన్నాడు. బాబాయి ఏమీ మాట్లాడకుండా కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయారు. నేను డబ్బు వెనక్కి అడిగాను. ఫోన్ పెట్టేశాడు, సాయంత్రానికి బ్లాక్ చేశాడు.

ఆర్డర్ ఇచ్చేవాళ్లు ప్రైమర్ (రంగుకి ముందు వేసే తొలి పూత) వేయకముందు తీసిన ఫోటోలు అడగండి, అవి పంపనంటే వదిలేయండి. రెక్కని ఏటవాలు వెలుతురులో వీడియో తీయమనండి. చివరి వాయిదా మాత్రం మోడల్ చేతికొచ్చి చూసుకున్నాకే ఇవ్వండి.

ఇంకో విషయం. నిన్న రాత్రి బాబాయి ఇయర్‌బడ్‌ని స్పిరిట్‌లో ముంచి, గుండ్రంగా తిప్పుతూ పై రంగు కొంచెం కొంచెం తీయడం మొదలుపెట్టారు. కింద పొట్ట తెల్లగా బయటపడింది. పక్కన ఇంటర్మీడియట్ బ్లూ, పైన ముదురు సీ బ్లూ, ఒకదాంట్లోంచి ఒకటి ఎక్కడ మారుతోందో కనిపించనంత మెత్తగా ఎయిర్‌బ్రష్ చేసి ఉంది. పట్టీల చుట్టూ అంచు నీలం. మొదట వేసిన ఎర్ర అంచుని నేవీ 1943లోనే నీలంగా మార్చింది కదా, అంటే ఇది ఆ తర్వాతి విమానం. వెనక గన్నర్ సీటులో సన్న రాగి తీగ వంచి చేసిన బెల్టు బకిల్స్ ఉన్నాయి. ఇంత పనిచేసిన మనిషి ఎవరోగానీ చెయ్యి గొప్పది, అన్నారు బాబాయి.

పక్కభాగంలో తెల్ల 39 నంబరు సగం బయటపడింది. ఇలాంటి ఎస్‌బీడీ-5 మీలో ఎవరైనా కట్టి అమ్మి ఉంటే, లేదా ఎవరికైనా ఇచ్చి ఉంటే, దయచేసి నాకు మెసేజ్ చేయండి. బాబాయి మీతో మాట్లాడాలంటున్నారు. మిగతా రంగు తీసేముందు, తోక మీద ఏముండేదో మిమ్మల్నే అడుగుతారట.