ఖరీదైన ఎయిర్ రైఫిల్‌తో ఐదేళ్లు

పది మీటర్ల దూరం నుంచి టార్గెట్‌ను కాల్చే పోటీకి తయారైన ఈ రైఫిల్ నా దగ్గరకు వచ్చి ఐదేళ్లయింది. సిలిండర్‌లో నింపిన గాలితో పనిచేసే రకం. నన్ను కట్టిపడేసింది దీని ట్రిగ్గర్. కొద్దిగా వెనక్కి వచ్చి ఒకచోట ఆగుతుంది, అక్కడినుంచి వేలు కదిలిందో లేదో తెలియకముందే పెల్లెట్, అంటే చిన్న లోహపు గుండు, వెళ్లిపోతుంది. అంతకుముందు రెండేళ్లు వాడిన, స్ప్రింగ్ తోసే పిస్టన్‌తో గాలిని నొక్కి పేల్చే స్ప్రింగ్ రైఫిల్ ట్రిగ్గర్ లాగడం తుప్పుపట్టిన గడియ తీసినట్టుండేది.

మూడో ఏడాదిలో నా పెల్లెట్లు ఎడమవైపుకు జరగడం మొదలైంది. టార్గెట్ కేంద్రంలోని పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటర్లే కాబట్టి, 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ మూడు మిల్లీమీటర్లు పక్కకు పోతే పది కాస్తా తొమ్మిదవుతుంది. గురిచూసే సైట్‌ను సరిచేస్తే ఆ పూటకు కుదిరేది, మర్నాడు మళ్లీ అదే కథ. బ్యారెల్ శుభ్రం చేశాను, భుజానికి ఆనించే స్టాక్ మరలు బిగించాను, 4.49, 4.50 సైజుల పెల్లెట్లు మార్చి మార్చి చూశాను, చివరికి సర్వీసుకు పంపాను. వాళ్లు దాన్ని బిగించి అయిదు పెల్లెట్లు కాల్చి, దాదాపు ఒకే రంధ్రం ఉన్న కార్డును జతచేసి తిప్పి పంపారు. నిజం చెప్పాలంటే, ఆ కార్డునే అనుమానించాను.

ఒకరోజు నాతోపాటు సాధన చేసే కుర్రవాడు అదే రైఫిల్‌తో పది పెల్లెట్లు కాలిస్తే పదీ పదులే పడ్డాయి. తర్వాత అతను, టార్గెట్‌కు గురిపెట్టి, కళ్లు మూసుకుని ఊపిరి వదిలి మళ్లీ తెరవమని నాతో అన్నాడు. తెరిచేసరికి సైట్ టార్గెట్‌లోని నల్ల వృత్తానికి ఎడమన నిలిచి ఉంది. పాదాలు తప్పుగా పెట్టి, రైఫిల్‌ను భుజబలంతో కుడికి లాక్కొస్తున్నానన్నమాట. పేల్చే క్షణంలో కండరం సడలగానే అది తన చోటికి పోతోంది. వెనక పాదం కాస్త జరిపాక గురి కుదిరింది.

స్ప్రింగ్ రైఫిల్‌లో పెల్లెట్ బ్యారెల్ దాటకముందే పిస్టన్ కుదుపు మొదలవుతుంది కనుక, కాల్చాక కూడా కదలకుండా నిలబడక తప్పేది కాదు. అంత కుదుపు లేని ఈ రైఫిల్ నా ఆ అలవాటును మెల్లగా పోగొట్టింది. నేను పొగిడిన ట్రిగ్గర్ కూడా, గురి కుదురుకోకముందే పేల్చే తొందరను నేర్పింది. ఇప్పుడు దాన్ని లాగడానికి కొంచెం బరువుగా ఉండేలా పెట్టుకున్నాను.

కొన్న కొత్తలో నా స్కోరు పెరిగిన మాట నిజమే. అయితే అది రైఫిల్ గొప్పో, అంత డబ్బు పోశానన్న భయంతో వారం తప్పకుండా చేసిన సాధన ఫలితమో విడదీసి చెప్పలేను. నా మెడ పొడవు. చెంప ఆనే భాగాన్ని నాకు తగినట్టు ఎత్తుకోగలగడం వల్ల మెడనొప్పి తగ్గింది. మామూలు స్టాక్ సరిగ్గా సరిపోయేవారికి ఆ లాభం ఉండదు. నా సిలిండర్ పదేళ్ల గడువులో సగం అయిపోయింది. అది తీరాక కొత్తది కొంటానా, పాత స్ప్రింగ్ రైఫిల్‌ను మళ్లీ బయటికి తీస్తానా అన్నది వారాంతాల్లో నాకు దొరికే తీరికను బట్టి ఉంటుంది.