మొదటి డైవింగ్ యాత్రకు వెళ్లేవారికి: స్వరాజ్ ద్వీప్‌లోని ఒక డైవ్ సెంటర్ సేవలపై సమీక్ష

గౌతమి ఒడ్డున యానాంలో పెరిగిన వాళ్లకు నీళ్లంటే భయం ఉండదు కానీ, ఆ నీళ్లలో కళ్లు తెరిచి చూసే అలవాటు కూడా ఉండదు. ధవళేశ్వరం దాటి వచ్చే ఒండ్రు కారణంగా మా దగ్గర నది ఎర్రగా, సముద్రం చాలా దూరం వరకు మట్టిరంగులో ఉంటుంది; అంతర్వేదిలోనైనా ఓడలరేవులోనైనా మోకాలి లోతు నీళ్లలో మన పాదం మనకు కనిపించదు. అందువల్ల స్కూబా డైవింగ్ నేర్చుకోవాలనుకున్నప్పుడు నేను, అమలాపురంలో ఉండే మా బావమరిది కలిసి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి పుదుచ్చేరి వెళ్లాము. నిరుడు మార్చిలో అక్కడ డైవింగ్‌లో మొదటి మెట్టైన ఓపెన్ వాటర్ కోర్సు పూర్తి చేసి, అర్హత కార్డు తీసుకున్నాము. ఈ ఏడాది సంక్రాంతి వెళ్లిన వారం అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌కు, అంటే 2018 వరకు హేవ్‌లాక్ అని పిలిచిన దీవికి వెళ్లి, ఒకే డైవ్ సెంటర్‌తో మూడు రోజుల్లో ఆరు డైవ్‌లు పెట్టుకున్నాము. ఈ సమీక్ష ఆ మూడు రోజుల గురించి.

సెంటర్ పేరు రాయడం లేదు. వారు చేసిన మేలుతో పాటు, నేను తేలికగా తీసుకోలేని ఒక లోపాన్ని కూడా చెప్పవలసి ఉంది. పైగా ఆ దీవిలో డైవ్ సెంటర్లు చాలా ఉన్నాయి. కొత్తగా కార్డు చేతికి వచ్చినవారు వేటిని గమనించాలో తెలిస్తే, ఎక్కడికి వెళ్లినా ఎంచుకోగలరు.

బయలుదేరే ముందు రెండు సెంటర్లతో ఫోనులో మాట్లాడాను. మొదటివారు మా కార్డు స్థాయి మాత్రమే అడిగి, వెంటనే జానీస్ గార్జ్, డిక్సన్స్ పినకిల్ వంటి లోతైన చోట్ల పేర్లు చెప్పి, తొలిరోజే అక్కడికి తీసుకువెళతామన్నారు. ఓపెన్ వాటర్ కార్డు ఉన్నవారి పరిమితి 18 మీటర్లు. ఆ సంగతి నేను గుర్తు చేసినప్పుడు, గైడు పక్కనే ఉంటాడు కనుక ఇబ్బంది లేదన్నారు. ఆ జవాబుతో ఆ సెంటర్‌ను పక్కన పెట్టాను. రెండోవారు ముందుగా మమ్మల్నే ప్రశ్నలు అడిగారు: చివరి డైవ్ ఎప్పుడు చేశారు, మొత్తం ఎన్ని చేశారు, ఆస్తమా గానీ గుండె జబ్బు గానీ చెవి, సైనస్ ఇబ్బందులు గానీ ఉన్నాయా, ఏవైనా మందులు వాడుతున్నారా. ఆరోగ్య పత్రాన్ని ముందే పంపి, అందులో ఒక్క ప్రశ్నకు 'అవును' అని రాయవలసి వచ్చినా డాక్టరు సంతకం తెచ్చుకోమని, దీవికి వచ్చాక ఆ సంతకం కోసం తిరగడం కష్టమని చెప్పారు. పది నెలల విరామం ఉంది కనుక మొదటి డైవ్ తీరం నుంచే, తక్కువ లోతులో, నైపుణ్యాలను మళ్లీ చేయించే డైవ్‌గా ఉంటుందని స్పష్టం చేశారు.

"బావా, కార్డు చేతిలో ఉండగా మళ్లీ పరీక్షేమిటి?" అని మా బావమరిది నొచ్చుకున్నాడు. అతని బాధ అర్థం చేసుకోదగినదే. అయితే మాకు ఆ కార్డు ఇచ్చినది సముద్రంలో చేసిన నాలుగే నాలుగు డైవ్‌లకు. నాలుగు డైవ్‌ల అనుభవం మీద పది నెలలు గడిచాక ఎంత గుర్తుంటుందో ఆ మొదటి అరగంటలోనే తెలిసింది.

ఆ డైవ్ నెమో రీఫ్‌లో జరిగింది. ఇసుక మీద నడుచుకుంటూ నీళ్లలోకి దిగే చోటు. గైడు తమిళ యువకుడు. చెన్నైలో తెలుగువాళ్ల మధ్య పెరిగాడేమో, మా మాట బాగానే పట్టుకునేవాడు. నీళ్లలోకి దిగకముందు సామాను మా చేతనే బిగింపించాడు: సిలిండర్‌కు బీసీడీ (గాలి నింపి, వదిలి తేలడాన్ని అదుపు చేసే జాకెట్టు) కట్టడం, రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) తగిలించడం, సిలిండర్‌లో గాలి పీడనం 200 బార్‌కు దగ్గరగా ఉందో లేదో చూసుకోవడం. తాను చేసి చేతికివ్వడం అతనికి రెండు నిమిషాల పని. మేము తడబడుతూ చేసేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఒక్కసారి కూడా విసుగు చూపలేదు. గాలి బయటకు పోకుండా ఆపే రబ్బరు వలయం, ఓ-రింగ్, సరిగా కూర్చోక గాలి బుస్సుమన్నప్పుడు, తప్పు ఎక్కడుందో నేను కనుక్కునే వరకు ఆగాడు.

తరువాత బరువుల సంగతి. కొత్త డైవర్లు దీని మీద శ్రద్ధ పెట్టాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. పుదుచ్చేరిలో, ఒళ్లు తేలిపోకుండా నీళ్లలోకి దిగడానికి, నా నడుముకు ఎనిమిది కిలోల సీసం కట్టారు. నాకు అంతే కావాలని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇక్కడ తలలోతు నీళ్లలో నిలబెట్టి, బీసీడీలోని గాలి మొత్తం వదిలించి, మామూలు ఊపిరి ఒకటి లోపల నిలపమన్నాడు. అప్పుడు నీటి మట్టం కళ్ల దగ్గర నిలవాలి. నేను రాయిలా దిగిపోయాను. ఒక్కొక్క బిళ్లా తీస్తూ, డైవ్ చివర సిలిండర్ ఖాళీ అయ్యేకొద్దీ తేలికవుతుంది కనుక దానికి సుమారు రెండు కిలోలు కలుపుకుని, చివరకు ఐదు కిలోల దగ్గర ఆపాడు. బరువు ఎక్కువైతే దాన్ని సరిచేయడానికి బీసీడీలోకి గాలి ఎక్కించాలి, ఎక్కించిన గాలి కాస్త పైకి రాగానే వ్యాకోచించి మనిషిని పైకి లాగుతుంది, దాన్ని వదిలితే మళ్లీ కిందికి. ఈ ఎగుడుదిగుడులో గాలి ఖర్చవుతుంది, కాళ్లు పగడాలకు తగులుతాయి. పుదుచ్చేరిలో నేను పడిన అవస్థకు కారణం నా చేతకానితనం కాదనీ, మూడు కిలోల అదనపు సీసమనీ ఆ రోజు తెలిసింది. మీ బరువెంతో, ఏ మందం సూటుతో, ఎలాంటి సిలిండర్‌తో ఎంత సీసం సరిపోయిందో లాగ్‌బుక్‌లో రాసుకోండి.

ఇక మన ప్రాంతపు వారికి ప్రత్యేకంగా చెప్పవలసినది ఒకటుంది. కాలువల్లో, రేవుల్లో ఈత నేర్చిన మనకు చేతులతో నీటిని తోయడం, ఊపిరి బిగపట్టడం ఒంటబట్టిన అలవాట్లు. ఇసుక పడవల మీది వాళ్లు బకెట్‌తో గోదావరి అడుగుకు మునిగి వచ్చేదంతా బిగపట్టిన ఊపిరి మీదే. అయితే వాళ్లు పీల్చినది నేల మీది గాలి. డైవర్ పీల్చేది లోతులోని పీడనానికి సమానంగా ఒత్తిన గాలి. పది మీటర్ల లోతులో పీడనం ఒడ్డు మీది దానికి రెట్టింపు. అక్కడ ఊపిరితిత్తుల నిండా పీల్చి బిగపట్టి పైకి వస్తే, ఆ గాలి పైకి చేరేసరికి రెట్టింపు చోటు కోరుతుంది, ఊపిరితిత్తులు చిరుగుతాయి. స్కూబాలో ఊపిరి ఎప్పుడూ బిగపట్టకూడదన్న నియమం మొదటిది కావడానికి కారణమిదే. మాస్క్ తీసి మళ్లీ పెట్టుకునే అభ్యాసంలో మా బావమరిది ఊపిరి బిగించాడు. గైడు వెంటనే అతని భుజం పట్టుకుని, నోటి దగ్గర బుడగలు రావడం లేదని వేలితో చూపించాడు. అదే పనిని మూడుసార్లు చేయించాడు. నా సంగతికొస్తే, చేతులు ఆడించడం మానలేకపోయాను. చేతులు రెండూ ముందు కట్టుకుని, కాళ్లకు తొడిగిన ఫిన్స్‌తో మాత్రమే కదలమని చెప్పాక, నా సిలిండర్ మరుసటి రోజు పది నిమిషాలు ఎక్కువ వచ్చింది.

రెండో రోజు నుంచి పడవ డైవ్‌లు, ముఖ్యంగా లైట్‌హౌస్ దగ్గర. ఇద్దరికి ఒక గైడు. దిగే ముందు వివరణ ఇంగ్లీషులో వేగంగా సాగింది; మా బావమరిదికి సగమే అందింది. అర్థం కాలేదని చెప్పడానికి మొహమాటపడకూడదు. నేను ఆపి అడిగితే, ఇసుక మీద గీసినట్టుగా పలక మీద గీసి మళ్లీ చెప్పారు: ఎంత లోతు, ప్రవాహం ఎటు, ఎవరి గాలి ఎంతకు తగ్గితే తిరగాలి, 50 బార్ మిగిలి ఉండగా పడవ ఎక్కాలి. సైగలు కూడా మళ్లీ చేయించారు. అది మంచిదైంది. ఎందుకంటే పన్నెండు మీటర్ల దగ్గర గైడు 'బాగున్నారా' అని సైగ చేసినప్పుడు మా బావమరిది మనందరి అలవాటు ప్రకారం బొటనవేలు పైకెత్తాడు. నీటి అడుగున దాని అర్థం 'పైకి పోదాం'. బాగుందనడానికి బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. గైడు దానిని పొరపాటేలే అని కొట్టివేయలేదు; ఆగి, మళ్లీ అడిగి, సరైన సైగ వచ్చాకే ముందుకు కదిలాడు. ప్రతి డైవ్ చివరా ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాల సేఫ్టీ స్టాప్, అంటే ఒంట్లో చేరిన నైట్రోజన్ మెల్లగా బయటకు పోవడానికి ఆగడం, తప్పలేదు.

మొదటిసారి ఇరవై మీటర్ల దూరం వరకు నీళ్లలో చూపు ఆనినప్పుడు కలిగిన సంతోషాన్ని మా గోదారి వాళ్లకు ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు లోపం. మా ఇద్దరికీ కలిపి ఒకే డైవ్ కంప్యూటర్ (లోతును, సమయాన్ని చూసి ఒంట్లో చేరే నైట్రోజన్‌ను లెక్కకట్టే పరికరం) ఇచ్చారు. ఎవరి శరీరంలో ఎంత నైట్రోజన్ చేరిందన్నది వారు ఎంత లోతులో ఎంతసేపు ఉన్నారన్న దాని మీద ఆధారపడుతుంది. పక్కన ఉన్నవాడు రెండు మీటర్లు కిందకు దిగితే అతని లెక్క మారిపోతుంది. అందువల్ల ప్రతి డైవర్‌కూ సొంతంగా ఒకటి ఉండాలి, డైవ్‌ల మధ్య చేతులు మారకూడదు. అడిగితే రెండోది ఇచ్చారు గానీ, దానికి అద్దె విడిగా తీసుకున్నారు. ఇంత జాగ్రత్తపరులైన వారు ఈ విషయంలో ఎందుకు పొదుపు చేస్తున్నారో నాకు అర్థం కాలేదు. బుక్ చేసేటప్పుడే, అద్దెలో ఏమేమి కలిసి ఉన్నాయో అడిగి ఉండవలసింది. రెండు పడవ డైవ్‌లకు నేను చెల్లించినది ఏడు వేలకు కాస్త తక్కువ. పన్ను, కంప్యూటర్ అద్దె అదనం. అద్దె మాస్క్ కూడా నా ముఖానికి సరిపడక నీరు కారింది. మొదట కొనుక్కోవలసిన సొంత వస్తువు మాస్క్ అని నా అభిప్రాయం. పట్టీ వేసుకోకుండా ముఖానికి ఆనించి ముక్కుతో మెల్లగా పీల్చితే, చేయి వదిలినా పడిపోకుండా నిలిచేదే మీకు సరిపోయేది.

ప్రయాణపు లెక్క వెనక నుంచి వేసుకోవాలి. కాకినాడలో రైలెక్కి చెన్నై, అక్కడి నుంచి విమానంలో, నిన్నమొన్నటి దాకా పోర్ట్ బ్లెయిర్ అయిన శ్రీ విజయపురం, అక్కడి నుంచి ఓడలో సుమారు రెండు గంటలు. తిరుగు విమానానికి ముందు, వరుసగా కొన్ని రోజులు డైవ్ చేసినవారు కనీసం 18 గంటలు నేల మీద గడపాలి. ఒక్క డైవే అయితే 12 గంటలు. విమానం లోపలి పీడనం సుమారు 1,800 నుంచి 2,400 మీటర్ల కొండ మీద ఉన్నంత మాత్రమే ఉంటుంది కనుక, శరీరంలో కరిగిన నైట్రోజన్ బుడగలు కట్టే ప్రమాదముంది. గాలి ఎక్కువైతే ఓడలు ఆగిపోతాయి. మేము డైవ్‌లన్నీ ముందు పెట్టుకుని, చివర రెండు రోజులు ఖాళీగా ఉంచుకున్నాము.

మూడో రోజు ఉదయం మా బావమరిదికి ముక్కు పట్టేసింది. జలుబు మందు వేసుకుని దిగుతానన్నాడు. నీటి అడుగున మందు ప్రభావం తగ్గితే, పైకి వచ్చేటప్పుడు లోపల చిక్కిన గాలికి దారి ఉండదనీ, చెవి దెబ్బతింటుందనీ గైడు చెప్పాడు. బావమరిది ఒప్పుకోకపోతే, రెండు మీటర్ల దగ్గర ప్రయత్నించి చూద్దామన్నాడు. చెవి తెరుచుకోలేదు, అంటే లోపలి పీడనం బయటి పీడనంతో సర్దుకోలేదు. గైడు అతన్ని పడవ ఎక్కించి, సెంటర్ మేనేజర్‌తో ఫోనులో మాట్లాడి, అతని చివరి రెండు డైవ్‌ల డబ్బు వెనక్కి ఇప్పించాడు. నన్ను మరో గైడుతో పంపాడు. డబ్బు అడగాలన్న ఆలోచన కూడా మాకు రాలేదు. తిరిగి వచ్చేసరికి ఇద్దరూ పడవ మీద కూర్చుని, కొబ్బరినీళ్లు తాగుతూ, కోరింగ మడ అడవుల గురించి మాట్లాడుకుంటున్నారు.

ఐదులో నాలుగు. మళ్లీ వెళితే అక్కడికే వెళతాను, ఇద్దరికీ చెరొక కంప్యూటర్ అని ముందే రాయించుకుని.