డ్రాగన్ క్వెస్ట్ దారా, ఫైనల్ ఫాంటసీ దారా: ఆర్పీజీ సిరీస్‌కు ఏది మేలు?

1986 మే 27న ఎనిక్స్ సంస్థ జపాన్‌లో నింటెండో గేమ్ యంత్రం ఫామికామ్ కోసం డ్రాగన్ క్వెస్ట్ అనే ఆర్పీజీ (పాత్రలను పెంచుకుంటూ ఆడే వీడియో గేమ్) విడుదల చేసింది. మరుసటి ఏడాది డిసెంబర్ 18న స్క్వేర్ సంస్థ ఫైనల్ ఫాంటసీ తెచ్చింది. 2003 ఏప్రిల్‌లో ఆ రెండు కంపెనీలూ ఒకటయ్యాయి. అయినా ఈ రెండు సిరీస్‌లూ ఎవరి దారిన అవి నడుస్తూనే ఉన్నాయి. డ్రాగన్ క్వెస్ట్ తన నియమాలను వీలైనంత వరకు కదపదు. ఫైనల్ ఫాంటసీ ప్రతి భాగానికీ నియమాలను కూలగొట్టి కొత్తగా కడుతుంది. 1994లో మొదలైన ఎల్డర్ స్క్రోల్స్‌ది మూడో దారి: ప్రపంచం అదే ఉంటుంది, అందులో మనం మెలిగే తీరు మారుతూ వస్తుంది.

ఇన్నేళ్లు నడిచిన సిరీస్‌ను ఒకే సిరీస్‌గా పట్టి ఉంచేది ఏమిటన్నది అసలు ప్రశ్న. రెండు విషయాలు చూస్తే జవాబు దొరుకుతుంది: ఓడితే ఏం పోతుంది, గెలిస్తే ఏం పెరుగుతుంది. మిగతావన్నీ వీటి తర్వాతే.

పేర్లు, బొమ్మల సంగతి ముందే తేల్చేద్దాం. చోకోబో అనే స్వారీ పక్షి కనిపిస్తే ఫైనల్ ఫాంటసీ, స్లైమ్ అనే నీలం రంగు చిన్న రాక్షసి కనిపిస్తే డ్రాగన్ క్వెస్ట్ అని చాలామంది గుర్తు పెట్టుకుంటారు. కానీ మొదటి ఫైనల్ ఫాంటసీ అసలు విడుదలలో చోకోబో లేదు, సిడ్ అనే పాత్రా లేదు. రెండూ 1988లో రెండో భాగంతో వచ్చాయి. మోగుల్స్ అనే బొచ్చు జీవులు, పిలిస్తే వచ్చి పోరాడే సమన్లు 1990లో మూడో భాగంతో వచ్చాయి. గుర్తులు తర్వాత అతికినవే కాబట్టి అవి సిరీస్‌కు పునాది కాలేవు. డ్రాగన్ క్వెస్ట్‌లో గుర్తుల బలం ఎక్కువే. యూజీ హోరీ రూపకల్పన, అకిరా తోరియామా బొమ్మలు, కోయిచి సుగియామా సంగీతం మొదటి భాగం నుంచి 2017 నాటి 11వ భాగం వరకు అలాగే కొనసాగాయి. సుగియామా 2021లో, తోరియామా 2024లో కన్నుమూశారు. ఇకపై ఆ సిరీస్‌ను నిలబెట్టాల్సింది నియమాలే.

ఓడితే ఏం పోతుంది?

డ్రాగన్ క్వెస్ట్‌లో పార్టీ (మనం నడిపే బృందం) అంతా పడిపోతే చేతిలో ఉన్న బంగారంలో సగం పోతుంది. సంపాదించిన ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు), దొరికిన వస్తువులు, తెరిచిన పెట్టెలు ఎక్కడికీ పోవు. భాగాన్ని బట్టి రాజు ముందో చర్చిలోనో మళ్లీ లేచి నిలబడతారు. ఆడిన గంట వృథా కాదన్న భరోసా ఉంటుంది కాబట్టి ఆటగాడు ధైర్యంగా లోపలికి వెళ్తాడు. మందులు అయిపోయినా ఇంకో మలుపు చూద్దామనుకుంటాడు. అయితే జేబులో బంగారం ఎక్కువుంటే ఆ ధైర్యం తగ్గుతుంది. అందుకే మూడో భాగం నుంచి బంగారం దాచుకునే చోటు పెట్టారు. అక్కడ 1000 చొప్పున మాత్రమే దాచుకోవచ్చు. కత్తికో కవచానికో డబ్బు కూడబెడుతున్నప్పుడు 1000 దాటిన ప్రతిసారీ దాచేసి, మిగిలిన చిల్లరతో గుహలోకి దిగడం ఈ సిరీస్‌లో మొదట నేర్చుకోవాల్సిన పని. కొత్తవాళ్లు ఇది పట్టించుకోరు. 3800 జేబులో పెట్టుకుని బాస్ (పెద్ద శత్రువు) దగ్గరికి పోయి 1900 పోగొట్టుకుంటారు, ఆ తర్వాత అదే డబ్బు కోసం మళ్లీ పొలాల్లో తిరుగుతారు.

11వ భాగంలో ఆటోసేవ్ (ఆడినంతవరకు ఆటే దాచిపెట్టడం) వచ్చాక, సగం బంగారం ఇచ్చుకోవాలా, ఆటోసేవ్‌కు వెనక్కి వెళ్లాలా అని ఆటే అడుగుతుంది. పాత నియమాన్ని తీసేయకుండా దాని పక్కన ఇంకో దారి పెట్టారు. డ్రాగన్ క్వెస్ట్ మార్పు చేసే తీరు ఇదే.

ఫైనల్ ఫాంటసీలో మొదట్లో ఓటమి అంటే చివరి సేవ్ తర్వాత చేసిందంతా పోవడమే. మొదటి భాగంలో సేవ్ చేయాలంటే సత్రంలో పడుకోవాలి, లేదా ప్రపంచ పటం మీద టెంట్ వేయాలి. గుహల లోపల సేవ్ లేదు. మూడో భాగం ముగింపులో క్రిస్టల్ టవర్ ఎక్కి, చీకటి లోకంలోకి దిగి, చివరి బాస్‌ను ఓడించేదాకా ఎక్కడా సేవ్ దొరకదు. 1991లో నాలుగో భాగం గుహల్లో సేవ్ పాయింట్లు పెట్టింది. 1994లో ఆరో భాగంలో పార్టీ ఓడితే చివరి సేవ్‌కు వెనక్కి పంపుతారు గానీ, మధ్యలో సంపాదించిన ఎక్స్‌పీ మాత్రం ఉంచేస్తారు. తర్వాతి ఏడో భాగానికి ఆ దయ అందలేదు. ఇలా ఓటమి విలువ భాగానికొకలా మారడం వల్ల, ఒక భాగంలో నేర్చిన జాగ్రత్త మరో భాగంలో అక్కరకు రాదు. అలవాటుగా ఆడేవాళ్లకు ఇది నిజంగా నష్టమే.

ఎల్డర్ స్క్రోల్స్‌లో ఎక్కడైనా సేవ్ చేసుకోవచ్చు. తాళం విరగ్గొట్టే ముందు సేవ్, దొంగతనానికి ముందు సేవ్. ఓటమికి విలువే లేదు కాబట్టి అక్కడి ఆనందం ప్రయోగాల్లో ఉంటుంది: ఇలా చేస్తే ఏమవుతుందో చూద్దాం అనుకోవడంలో.

గెలిస్తే ఏం పెరుగుతుంది?

వృత్తి మార్చుకోవడం రెండు జపాన్ సిరీస్‌లలోనూ ఉంది కాబట్టి పోలికకు అదే మంచి చోటు. 1988 నాటి డ్రాగన్ క్వెస్ట్ మూడో భాగంలో 20వ లెవెల్ చేరాక ప్రత్యేకమైన గుడికి వెళ్లి వృత్తి మార్చుకోవచ్చు. మారిన వెంటనే లెవెల్ 1కి పడిపోతుంది, బలం, వేగం లాంటి గుణాలు సగమవుతాయి, నేర్చిన మంత్రాలు మాత్రం మిగులుతాయి. కాబట్టి ఎప్పుడు మారాలన్నదే పెద్ద నిర్ణయం. మంత్రగాడిని 20 రాగానే మార్చేస్తే పెద్ద మంత్రాలు చేతికి రావు. బాగా ఆలస్యం చేస్తే కొత్త వృత్తిలో ఎదగడానికి ఆట మిగలదు. హీరో వృత్తి మారదు, మిగతా ముగ్గురినీ ఒకేసారి మార్చడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. ఇద్దరు బలంగా నిలబడితేనే మిగతా ఇద్దరు లెవెల్ 1 నుంచి పైకి రాగలరు.

1992 నాటి ఫైనల్ ఫాంటసీ ఐదో భాగంలో వృత్తిని పోరాటం లేనప్పుడు ఎక్కడైనా మెనూలో మార్చుకోవచ్చు. పాత్ర లెవెల్ తగ్గదు. వృత్తికి వేరే పాయింట్లు ఉంటాయి, వాటితో నేర్చిన నైపుణ్యాన్ని ఇంకో వృత్తిలో ఉన్నప్పుడు ఒక ఖాళీలో పెట్టుకోవచ్చు. అసలు విడుదలలో 22 వృత్తులు. అక్కడ ప్రశ్న ‘ఎప్పుడు మారాలి’ నుంచి ‘దేనికి ఏది జోడించాలి’కి మారుతుంది. ఒక సిరీస్ ఓపికను పరీక్షిస్తుంది, రెండోది కలయికల తెలివిని. ఫైనల్ ఫాంటసీకి దారం ఏదైనా ఉంటే అది ఇదే: పోరాటానికి ముందు మెనూలో కూర్చుని చేసే కూర్పు.

డ్రాగన్ క్వెస్ట్ అంకెలు చిన్నవి. మొదటి భాగంలో స్లైమ్ హెచ్‌పీ (ప్రాణం) 3 మాత్రమే. దెబ్బ లెక్క కూడా సూటిగా ఉంటుంది: మన దాడి విలువలో సగం తీసుకుని, అందులోంచి శత్రువు రక్షణ విలువలో నాలుగో వంతు తీసేయాలి, కాస్త హెచ్చుతగ్గు కలపాలి. దాడి 20, శత్రువు రక్షణ 8 అయితే దెబ్బ సుమారు 8. శత్రువు హెచ్‌పీ 12 అయితే రెండు దెబ్బలు కావాలి. దాడిని 10 పెంచే కత్తి కొంటే దెబ్బ 13కి చేరుతుంది, చాలాసార్లు ఒక్క వేటుతోనే పని అవుతుంది. శత్రువు తిరిగి కొట్టే అవకాశమే పోతుంది. అందుకే ఈ సిరీస్‌లో దుకాణం తలుపు తెరవడమంటే అంత ఉత్సాహం. దెబ్బలు 9999 దాకా, పదో భాగంలో సరైన ఆయుధంతో 99999 దాకా పోయే ఫైనల్ ఫాంటసీలో ఇలాంటి చిన్న పెరుగుదల కంటికి ఆనదు.

మరి కూలగొట్టి కట్టడం వల్ల వచ్చేది ఏమిటి? ఒక్కోసారి అద్భుతం, ఒక్కోసారి తలకిందులు. 1999 నాటి ఎనిమిదో భాగం చూడండి. మంత్రాలను ఒక్కోటి 100 దాకా పోగు చేసి హెచ్‌పీ, బలం లాంటి గుణాలకు తగిలించాలి. మన లెవెల్‌తోపాటు శత్రువుల లెవెల్ కూడా పెరుగుతుంది. పాత అలవాటుతో లెవెల్ పెంచుకుంటూ పోయినవాళ్లకు శత్రువులు గట్టిపడతారు గానీ ఆట సులువు కాదు. సరైన దారి వేరు: శత్రువులను కార్డులుగా మార్చితే ఎక్స్‌పీ రాదు, నైపుణ్య పాయింట్లు మాత్రం వస్తాయి. సైరెన్ అనే సహాయక శక్తి నేర్చుకునే నైపుణ్యంతో ఒక టెంట్ 10 క్యురాగాలుగా (వైద్య మంత్రాలుగా) మారుతుంది. 10 టెంట్లతో 100 నిండుతాయి. వాటిని హెచ్‌పీకి తగిలిస్తే ఆట మొదట్లోనే ప్రాణం ఎన్నో రెట్లవుతుంది. ఇంకో చిక్కు: తగిలించిన మంత్రాన్ని పోరులో వాడితే గుణం తగ్గుతుంది కాబట్టి ఎవరూ వాడరు. ఇంత లోతైన ఆలోచన మంత్రాలు వేయొద్దని నేర్పడం ఆ భాగం లోపం.

2006 నాటి 12వ భాగంలో గాంబిట్లు ఈ దారికి పతాక స్థాయి. ‘మిత్రుడి హెచ్‌పీ 50 శాతం లోపు ఉంటే క్యూర్ వేయి’, ‘దగ్గరి శత్రువును కొట్టు’ లాంటి ఆజ్ఞలను వరుసగా రాసిపెడితే పాత్రలు వాటంతటవే పోరాడతాయి. ఆట పైనుంచి కిందికి చదువుతుంది, కుదిరిన మొదటి ఆజ్ఞనే అమలు చేస్తుంది. కొట్టమన్న వరుస పైన పెట్టి వైద్యం కింద పెడితే, శత్రువు ఎదురుగా ఉన్నంతసేపూ వైద్యం జరగదు. చచ్చినవాళ్లను లేపే ఆజ్ఞ అన్నిటికంటే పైన, తర్వాత వైద్యం, తర్వాత విషం లాంటివి తీసేయడం, చివర దాడి. ఈ వరుస సరిగ్గా ఉంటే సగం ఆట గెలిచినట్టే.

2023 నాటి 16వ భాగంలో ఈ దారం తెగింది. పోరాటం వేగంగా, చూడముచ్చటగా ఉంటుంది. కానీ నడిపించేది కథానాయకుడు క్లైవ్‌ను ఒక్కడినే. శత్రువులకు నిప్పు, మంచు లాంటి బలహీనతలు లేవు. ఆయుధాలు పెద్ద అంకె ఉన్నది పెట్టుకోవడానికే. పోరుకు ముందు ఆలోచించాల్సింది చాలా తక్కువ. దీనికి యాక్షన్‌ను (వెంటవెంటనే బటన్లు నొక్కి ఆడే పోరును) నిందించడం తప్పు. 2020 నాటి ఏడో భాగం రీమేక్ కూడా యాక్షనే, అయినా మటీరియా (ఆయుధాల్లో పొదిగే మంత్ర రాళ్లు) కూర్పు, ఏటీబీ (పోరులో నిండుతూ వచ్చే కొలత) నిండాకే వేసే ఆజ్ఞలు అలాగే ఉంచింది. అది ఆడుతుంటే ఫైనల్ ఫాంటసీ అనే అనిపిస్తుంది.

డ్రాగన్ క్వెస్ట్ కూడా ఒకసారి గీత దాటబోయింది. తొమ్మిదో భాగాన్ని 2006 డిసెంబర్‌లో యాక్షన్ పోరాటంతో ప్రకటించారు. అభిమానులు ఒప్పుకోలేదు. 2009లో అది ఆజ్ఞలు ఎంచుకునే పాత పద్ధతిలోనే వచ్చింది.

వాడిన కొద్దీ పెరగడం

1988 నాటి ఫైనల్ ఫాంటసీ రెండో భాగం లెవెల్స్ తీసేసింది. కత్తి వాడితే కత్తి నైపుణ్యం, దెబ్బలు తింటే హెచ్‌పీ పెరుగుతాయి. ఫలితంగా ఆటగాళ్లు సొంత పార్టీనే కొట్టుకుని ప్రాణం పెంచుకున్నారు. సిరీస్ ఆ ఆలోచనను వదిలేసింది. దాన్ని రూపొందించిన అకితోషి కవాజు 1989లో సాగా అనే వేరే సిరీస్ మొదలుపెట్టి అక్కడ కొనసాగించాడు. పెరుగుదల నియమం మారితే అది వేరే సిరీస్ అవుతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఎల్డర్ స్క్రోల్స్‌కు ఆ నియమమే వెన్నెముక. 2006 నాటి ఆబ్లివియన్‌లో ముఖ్య నైపుణ్యాలు మొత్తం 10 సార్లు పెరిగితే, నిద్రపోయాక లెవెల్ పెరుగుతుంది. లెవెల్‌తో శత్రువులూ పెరుగుతారు. పరుగు, గెంతడం ముఖ్య నైపుణ్యాలుగా పెట్టుకుంటే ఊరికే తిరిగినా లెవెల్ పెరిగిపోయి, పోరులో చేతకాని పాత్ర మిగులుతుంది. కొంతకాలానికి దారి దొంగలు కూడా ఖరీదైన గాజు కవచాలతో ఎదురవుతారు. 2011లో తర్వాతి భాగం స్కైరిమ్ దీన్ని సరిచేసింది: 18 నైపుణ్యాల్లో ఏది పెరిగినా లెవెల్‌కు కలుస్తుంది, లెవెల్‌కొకసారి హెచ్‌పీ, మ్యాజిక్, స్టామినాల్లో ఒకదానికి 10, ఒక పెర్క్ (ప్రత్యేక సామర్థ్యం). నియమం మిగిలింది, లెక్కల బెడద పోయింది.

ఇక తీర్పు. ఒక్క ఆటగా గొప్పదేది అంటే ఫైనల్ ఫాంటసీ దారిలోనే శిఖరాలు ఎక్కువ. ఐదు, పన్నెండు లాంటివి నియమాలు కదపని సిరీస్‌లో పుట్టవు. సిరీస్‌గా ఏది మేలంటే డ్రాగన్ క్వెస్టే. అక్కడ ఒక భాగంలో నేర్చింది తర్వాతి భాగంలో పనికొస్తుంది. దానికి చెల్లించే మూల్యం నెమ్మది: 2000 నాటి ఏడో భాగం అసలు విడుదలలో మొదటి పోరాటం రావడానికే గంట దాటుతుంది.

మొదలుపెట్టేవాళ్లకు: కూర్పులు ఇష్టమైతే ఫైనల్ ఫాంటసీ ఐదో భాగం పిక్సెల్ రీమాస్టర్ (కొత్త హంగులతో తిరిగి వచ్చిన రూపం). ఎక్స్‌పీ పెంచే సెట్టింగ్ ఉంటే దాన్ని మాత్రం ముట్టుకోకండి, వృత్తులు కలపాల్సిన అవసరమే పోతుంది. నిదానంగా సాగే ప్రయాణం ఇష్టమైతే డ్రాగన్ క్వెస్ట్ 11 ఎస్ (11వ భాగం విస్తరించిన రూపం). మామూలుగా ఆడితే అది మరీ సులువు. కొత్త ఆట మొదలుపెట్టేటప్పుడే డ్రాకోనియన్ క్వెస్ట్ మెనూలో శత్రువులు బలంగా ఉండే ఎంపిక పెట్టుకోండి. తర్వాత కష్టమనిపిస్తే చర్చిలో తీసేయవచ్చు. ఒకసారి తీసేస్తే ఆ ఆటలో మళ్లీ పెట్టుకోలేరు.