బాలింతకు సాయం: ఆన్‌లైన్‌లో విరాళాలు అడగాలా, వీధిలో నెల చందా వేసుకోవాలా?

పోయిన వానాకాలం విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఒక పచ్చి బాలింత కనిపించింది. ఒళ్లో ఇద్దరు కవలలు. సర్కారు ఆసుపత్రిలో పురుడు జరిగింది, డిశ్చార్జి కాగితం మడిచి కొంగున కట్టుకుంది, వెళ్లడానికి ఇల్లు లేదు. మా అక్కయ్యపాలెం వీధి వాట్సాప్ గ్రూపులో ఆ కబురు పడిన గంటలోపే మూడు సలహాలొచ్చాయి: ఆన్‌లైన్‌లో విరాళాలు అడుగుదాం, ఏదైనా ట్రస్టుకు అప్పజెబుదాం, లేదా మనమే చందాలు వేసుకుందాం.

అసలు డబ్బు దేనికన్నది ముందు తేల్చుకోవాలి. 2011 నుంచి ఉన్న జననీ శిశు సురక్ష పథకం కింద సర్కారు ఆసుపత్రిలో కాన్పు, మందులు, రక్తం, తల్లికి భోజనం, జబ్బు చేస్తే బిడ్డకు వైద్యం అన్నీ ఉచితమే. తల్లినీ బిడ్డనూ ఇంటి దగ్గర దింపడానికి 102 బండి కూడా ఉంది. ఈమెకు దింపించుకోవడానికి ఇల్లే లేదు. అంటే ఆమెకు కావలసింది ఒక్కసారి కట్టే పెద్ద బిల్లు కాదు. గది అద్దె, తిండి, పిల్లలు అన్నం ముట్టేదాకా నెలనెలా నడిచే ఖర్చు.

మిలాప్, కెట్టో లాంటి ఆన్‌లైన్ విరాళాల వేదికల బలం ఆసుపత్రి బిల్లు దగ్గర కనిపిస్తుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ప్రైవేటు ఆసుపత్రిలో ఇంక్యుబేటర్‌లో ఉంటే రెండో ఆలోచన వద్దు, అక్కడే అడగాలి. అంచనా కాగితం చూపిస్తే ఊరూ పేరూ తెలియనివాళ్లు కూడా ఇస్తారు, వీధి చందా అంతదూరం వెళ్లదు. కానీ అక్కడ డబ్బు కదిలించేది ఫొటో. నీడ లేని బిడ్డ ఫొటో, పేరు, చిరునామా బయటపెట్టకూడదని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. ఆరు నెలల దాకా జైలు గానీ, 2 లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. చట్టం సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు ఫోన్ తీసిన మా కుర్రాణ్ని ఆపింది ఆ తల్లే. "ఫొటో తియ్యకు బాబూ, రేపు ఈ పిల్లలు పెద్దయ్యాక చూసుకుంటారు" అంది.

ఇంకో చిక్కుంది. ఆధార్ లాంటి గుర్తింపు కాగితాలేవీ లేనివాళ్లకు బ్యాంకులో చిన్న ఖాతా తెరుస్తారు. ఫొటో ఇచ్చి, అధికారి ఎదుట వేలిముద్ర వేస్తే చాలు. అయితే అందులో నిల్వ 50,000 దాటకూడదు, నెలకు తీసేది 10,000 దాటకూడదు. లక్షలు పోగైతే ఆ డబ్బు వేరెవరి ఖాతాలోనో ఉండాలి. అక్కడే అనుమానాలు మొదలవుతాయి.

ట్రస్టుకు ఇస్తే రసీదుంటుంది, పన్ను రాయితీ రావచ్చు. తల్లికి మతి స్థిమితం లేకపోయినా, ఎవరైనా కొడతారన్న భయమున్నా ఇదే దారి. అప్పుడు డబ్బు కన్నా కాపలా ఉన్న వసతి ముఖ్యం. మహిళల సహాయ నంబరు 181కి ఫోన్ చేయాలి, పిల్లల విషయమైతే 1098కి. మా విషయంలో ఆ అవసరం రాలేదు. ఆమెకు బుర్ర పాదరసం, చేతిలో డబ్బు లేదంతే.

కాబట్టి నా ఓటు వీధి చందాకే. 22 ఇళ్లు, ఇంటికి 300, నెలకు 6,600. కంచరపాలెంలో చిన్న గదికి 3,000 అద్దె నేరుగా ఇంటి యజమానికి, మిగతాది ఆమె చేతికి. ఆ మిగతాది ఎలా ఖర్చు పెట్టావని అడగకూడదని ముందే అనుకున్నాం. పాలు పడతాయని మొదటివారం జాలరిపేట నుంచి సొర చేప తెప్పించుకుని పుట్టు అనే పొడికూర చేసుకుంది. మాలో ఎవరికీ ఆ ఊహే రాలేదు.

దీనిలో లోపం కూడా చెప్పాలి. మొదటి నెల 22 ఇళ్లూ ఇచ్చాయి, మూడో నెలకు 14. "వాళ్లాయనేడీ?" అన్న గుసగుస మొదలైంది. నిలబెట్టింది మా డ్వాక్రా అక్క. పొదుపు సంఘం లెక్కలు ఏళ్ల తరబడి రాసిన చేయి ఆమెది. ప్రతి ఐదో తారీఖున పుస్తకం పేజీ గ్రూపులో పెట్టేది, ఇవ్వనివాళ్ల ఇంటికి తనే వెళ్లి "ఈ నెల కుదరదా వదినా?" అని మెల్లిగా అడిగేది. అలాంటి మనిషి మీ వీధిలో లేకపోతే చందా కన్నా ట్రస్టే నయం.

ఏ దారి పట్టినా డబ్బా పాలపొడి, పాలసీసాలు మాత్రం కొనివ్వకండి. అనాథాశ్రమాలకు తప్ప వాటిని ఎవరికీ దానం చేయకూడదని 1992 చట్టం ఉంది. తల్లి పాలు చాలడం లేదనిపిస్తే డాక్టరుకు చూపించండి. పిల్లల జననం 21 రోజుల్లోపు నమోదైతే రుసుము లేదు. మా కవలలకు ఆ పని పంతొమ్మిదో రోజున పూర్తయింది.