పిల్లలతో సముద్రపు ఒడ్డు సెలవులు: ఆరేళ్లు వాడాక సంచిలో ఏం మిగిలింది

పిల్లలతో తీరపట్నం సెలవులకు మేం వాడిన వాటన్నిటిలో మొదటి మార్కులు ఆటుపోట్ల పట్టికకే. ఉష్ణమండల తీరాల్లో ఆరేళ్లుగా, ఏడాదికి రెండు మూడు విడతలు, నాలుగేళ్ల వాళ్ల నుంచి పన్నెండేళ్ల వాళ్ల దాకా వెంటేసుకుని తిరిగాక చెబుతున్న మాట ఇది. మాస్కులు, బోర్డులు, డేరాలు కొన్నాం, పారేశాం, మళ్లీ కొన్నాం. ఏ పూట ఏ ఆట ఆడాలో మాత్రం ఎప్పుడూ ఆ పట్టికే తేల్చింది.

చాలా తీరాల్లో పోటు నుంచి పోటుకు సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అంటే ఇవాళ ఉదయం ఎనిమిదింటికి పాటు, అంటే నీళ్లు బాగా తగ్గే వేళ, ఉంటే రేపు దాదాపు ఎనిమిదీ యాభైకి. కొన్ని తీరాల్లో రోజుకి ఒకే పోటు, ఒకే పాటు ఉంటాయి కాబట్టి ఆ ఊరి పట్టికే చూడాలి. రాళ్ల మధ్య నీళ్లు నిలిచే గుంటలు చూడాలంటే పాటుకు గంటన్నర ముందు బయల్దేరి, నీళ్లు మళ్లీ పెరగడం మొదలవగానే వచ్చేయాలి. పోటు ఒకే వేగంతో రాదు. ఆరు గంటల్లో మొదటి గంటలో పన్నెండో వంతు, రెండో గంటలో పన్నెండింట రెండు వంతులు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి వంతులు. నడిమి రెండు గంటల్లోనే సగం నీళ్లు వచ్చేస్తాయన్నమాట. మొదటి గంట చూసి “ఇంకా బోలెడు టైముంది” అనుకున్నవాళ్లే రాళ్ల మీద చిక్కుకుపోతారు. అమావాస్య, పౌర్ణమి తర్వాత ఒకటి రెండు రోజులు నీళ్లు బాగా లోపలికి పోతాయి, అంతే ఎత్తుకు తిరిగొస్తాయి. గుంటలు చూడ్డానికి అవి మంచి రోజులే, జాగ్రత్త రెట్టింపు కావాలి.

రెండో కొలత ఎండ. పొద్దున ఆరింటికి ఒడ్డున ఉండి పదికల్లా నీడకు చేరడం, మళ్లీ నాలుగు దాటాక దిగడం. ఇది తప్పితే ఏ క్రీమూ ఆదుకోదు. ఈ తీరాల్లో మిట్టమధ్యాహ్నం యూవీ సూచిక, అంటే ఎండలో అతినీలలోహిత కిరణాల తీవ్రత కొలత, 11 దాటడం మామూలే. గడియారం అక్కర్లేదు, పిల్లవాడి నీడ వాడి ఎత్తుకన్నా పొట్టిగా పడుతోందంటే లోపలికి వెళ్లే వేళయినట్టే.

ఒంటి మీద వేసేవాటిలో బాగా గిట్టుబాటైంది పొడుగు చేతుల ఈత చొక్కా. యూపీఎఫ్ 50 అంటే ఆ బట్ట గుండా అతినీలలోహిత కిరణాల్లో యాభయ్యో వంతు మాత్రమే చర్మాన్ని తాకుతుంది. కొలత ఒంటికి అతుక్కునేట్టు ఉండాలి. “పెరిగే పిల్లలు కదా” అని వదులుది కొంటే నీళ్లలో పైకి లేచి నడుము చుట్టూ ఎర్రటి పట్టీ మిగులుతుంది. ఐదేళ్ల లోపు వాళ్లకు ముందు జిప్ ఉన్నదే తీసుకోండి, తడి చొక్కా తల మీంచి లాగితే ఏడుపు ఖాయం. రెండు సీజన్లకు సాగుడు పోతుంది. బట్టను చేత్తో సాగదీసి వెలుతురుకు పట్టినప్పుడు సన్నటి జల్లెడలా కనిపిస్తే ఇక అది ఎండను ఆపదు.

క్రీము చొక్కా కప్పని చోట్లకే: ముఖం, చెవుల వెనక, మెడ, మోకాళ్ల వెనక, పాదాల పైభాగం. అందరూ మర్చిపోయేది పాదాలనే. నీళ్లలో దిగడానికి 20 నిమిషాల ముందు రాయాలి, రెండు గంటలకోసారీ, తుడిచిన ప్రతిసారీ మళ్లీ రాయాలి. స్ప్రే మేం మానేశాం. గాలికి సగం పోతుంది, మిగతా దాంట్లో కొంత పిల్లల ముక్కులోకి. జింక్ ఆక్సైడ్ క్రీము తెల్లగా కనబడటం దాని గుణమే, ఎక్కడ రాయలేదో వెంటనే తెలుస్తుంది. పగడపు దిబ్బలున్న చోటైతే మరో కారణం కూడా ఉంది. పగడాలకు హాని చేస్తాయని ఆక్సిబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలున్న క్రీముల అమ్మకాన్ని హవాయి 2021 నుంచి నిషేధించింది. ఆరు నెలలు నిండని పాపలకు క్రీము వద్దు, నీడే.

ఇక నీళ్లలో చూడ్డానికి కళ్లూ ముక్కూ కప్పే మాస్కు, ఊపిరి తీసుకునే గొట్టం స్నార్కెల్. పిల్లల్ని గంటల తరబడి పట్టి ఉంచేది ఇదే, సరిగా ఎంచుకోకపోతే పది నిమిషాల్లో ఇసుకలో పడేదీ ఇదే. మొదట మేం వాడిన మాస్కుల అంచు పీవీసీ ప్లాస్టిక్‌ది. ఒక సీజన్ గడిచేసరికి గట్టిపడింది, రెండోదానికి కారడం మొదలైంది. సిలికాన్ అంచు, టెంపర్డ్ గాజు ఉన్నది ఐదో ఏడూ నడుస్తోంది, అంచు కాస్త పసుపెక్కిందంతే. కొనేటప్పుడు పట్టీ వెయ్యకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో నెమ్మదిగా గాలి లోపలికి పీల్చమనండి. చెయ్యి వదిలినా మాస్కు అతుక్కుని నిలబడితే అది ఆ ముఖానికి సరిపోయినట్టు. వెంటనే జారితే పట్టీ ఎంత బిగించినా కారుతుంది.

“నీళ్లొస్తున్నాయి” అని పిల్లలు మొరపెట్టినప్పుడల్లా పెద్దలు చేసేది పట్టీ బిగించడం. అదే తప్పు. ఎక్కువ బిగిస్తే సిలికాన్ అంచు వంకర తిరిగి ఇంకా ఎక్కువ కారుతుంది. ముందు వేలితో అంచు చుట్టూ తడమండి, నుదుటి దగ్గర నాలుగు వెంట్రుకలు ఇరుక్కుని ఉంటాయి. వాటిని తీసేసి, పట్టీని తల వెనక కాస్త పైకి, నడినెత్తి కిందకు జరపండి. అయినా కారుతోందంటే పిల్లవాడు చేపను చూసి నవ్వుతున్నాడు. నవ్వితే బుగ్గల మీద మడత పడి నీళ్లకు దారి దొరుకుతుంది. దానికి మందు లేదు, రెండు చుక్కల నీళ్లు లోపలుంటే ఫరవాలేదని నేర్పడమే.

కొత్త మాస్కు ఆవిరి పట్టి తెల్లగా అయిపోతుంది. తయారీలో గాజు మీద మిగిలిన సన్నటి పొర దానికి కారణం. తెల్ల టూత్‌పేస్టు, జెల్ కానిది, శనగగింజంత తీసుకుని గాజు లోపలివైపు వేలితో ఒక నిమిషం రుద్ది కడగాలి. మూడు నాలుగు సార్లు చేస్తే పొర పోతుంది. ప్లాస్టిక్ అద్దమైతే ఈ పని చెయ్యొద్దు, గీతలు పడతాయి. తర్వాత రోజూ దిగేముందు బేబీ షాంపూ ఒక చుక్క రాసి, ఒక్కసారి నీళ్లలో జాడిస్తే చాలు.

గొట్టం తప్పనిసరిగా పిల్లల కొలతదే కావాలి. పెద్దవాళ్ల గొట్టం పొడుగు, వెడల్పు. పిల్లలు పీల్చే గాలి తక్కువ కాబట్టి, వాళ్లు వదిలిన గాలే గొట్టంలో ఉండిపోయి మళ్లీ లోపలికి వెళ్తుంది, తొందరగా ఆయాసం వస్తుంది. ముఖమంతా కప్పే మాస్కు పిల్లలకు వద్దని గట్టిగానే చెబుతాం. లోపల గాలి నిలిచే చోటు ఎక్కువ, కవాటం సరిగా పనిచెయ్యకపోతే వదిలిన కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, భయపడిన పిల్లవాడు గొట్టాన్ని నోట్లోంచి ఉమ్మేసినట్టు దాన్ని ఉమ్మేయలేడు. మామూలు గొట్టం అడుగున కవాటం ఉంటే అందులో ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా గుక్కగుక్కకీ ఉప్పునీళ్లు వస్తాయి. మంచినీళ్ల బకెట్లో ఆడిస్తే రేణువు పోతుంది. పిన్నుతో పొడిస్తే రబ్బరు రేకు చిరిగి గొట్టం పనికిరాకుండా పోతుంది.

నేర్పడానికి మూడు రోజులు పెట్టుకోండి. మొదటి రోజు నడుము లోతులో మాస్కు ఒక్కటే. రెండో రోజు నిలబడే గొట్టం పెట్టుకుని, ముఖం నీళ్లలో ఉంచి పది శ్వాసలు. మూడో రోజు లైఫ్ జాకెట్‌తో బోర్లా తేలడం. ఒకే రోజు మూడూ చేయిస్తే ఒక్క గుక్క ఉప్పునీళ్లతో సెలవంతా మాస్కు ముట్టరు.

లైఫ్ జాకెట్ బరువును బట్టి ఎంచుకోవాలి, వయసును బట్టి కాదు. వేశాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లేపండి. గడ్డం, చెవుల దాకా జారి వస్తే పెద్దదైనట్టే. చిన్నపిల్లలకు కాళ్ల మధ్య పట్టీ ఉన్నదే తీసుకోవాలి. చేతులకు తొడిగే గాలి బుడగలు, ఊదే బాతులు, రింగులు సముద్రానికి పనికిరావు. ఒడ్డు మీంచి సముద్రం వైపు గాలి వీచే పూట రింగు పిల్లవాడితో సహా ఎంత వేగంగా దూరమవుతుందో చూస్తే ఇంకెప్పుడూ వెంట తీసుకెళ్లరు. అలలు విరుగుతున్న వరుస మధ్యలో ఒక చోట మాత్రం విరగకుండా, నున్నగా, కాస్త ముదురు రంగులో ఉంటే అది ప్రశాంతమైన చోటు కాదు, నీళ్లు సముద్రంలోకి తిరిగి లాగే దారి. పిల్లల్ని సరిగ్గా అక్కడే దింపుతుంటారు, అల లేదు కదా అని. తీరం కాపలా వాళ్లు (లైఫ్‌గార్డులు) పాతిన ఎరుపు పసుపు జెండాల మధ్యే దిగాలి, జెండాలు లేని తీరంలో మోకాలి లోతు దాటనివ్వకూడదు.

మాకు బాగా నచ్చినదాన్ని ఎవరూ బొమ్మల దుకాణంలో అమ్మరు. అడుగు నున్నగా ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా, రెండు మూడు లీటర్లది. రాళ్ల గుంటలో నీటి మీద ఆనించి ఒక అంగుళం కిందికి నొక్కి చూస్తే పైనుండే అలజడి, మెరుపు మాయమై అడుగు అద్దంలో చూసినట్టు కనిపిస్తుంది. ముందు రాయి, నాచు, అంతే. కదలకుండా రెండు నిమిషాలు చూడమనండి. ఇసుక రంగులో ఉన్న పిల్ల చేప ఒకటి జరుగుతుంది. రాయికి అంటుకున్న జిగురు ముద్దలాంటిది మెల్లగా చేతులు విప్పుతుంది, అది సీ అనిమోన్. గవ్వ అనుకున్నది లేచి నడుస్తుంది, లోపల సన్యాసి పీత. నాలుగేళ్ల పిల్లలు కూడా అరగంట కూర్చున్న ఆట ఇదొక్కటే. వలలు మానేశాం, వల పట్టుకున్న పిల్లలు చూడరు, వేటాడతారు.

ముట్టుకోకూడనివి రెండు ముందే నేర్పాలి. శంకువు ఆకారంలో అందమైన చుక్కలున్న కోన్ నత్త గవ్వలోంచి విషపు ముల్లు విసురుతుంది, దాన్ని చేత్తో తీయకూడదు. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల తీరాల్లో అయితే నీలి వలయాలున్న చిన్న ఆక్టోపస్ కూడా. కాళ్లకు రబ్బరు అడుగు ఉన్న నీటి బూట్లు, మడమ దగ్గర బిగుతుగా ఉన్నవి. చెప్పులు ఒక్క అలకే పోతాయి.

ఇసుక ఆటలకు ప్లాస్టిక్ పార రెండు రోజుల్లో మెడ దగ్గర విరుగుతుంది. చెక్క పిడి, ఇనుప రేకు ఉన్న చిన్న పార ఆరేళ్లుగా అదే ఒకటి. కోట నిలబడాలంటే ఇసుక తడవాలి, మునగకూడదు. రేణువుల మధ్య నీటి పొర పట్టి ఉంచుతుంది, నీళ్లు నిండిపోతే ఆ పట్టు వదిలి జారుతుంది. బకెట్లో కొద్దికొద్దిగా వేస్తూ, ప్రతిసారీ అరచేత్తో అణచాలి. గొయ్యి మాత్రం అందరిలో పొట్టివాళ్ల మోకాలి లోతు దాటకూడదు. పక్కలు ఒక్కసారిగా కూలతాయి, ఇసుక బరువు కింద పిల్లలు ఊపిరి తీసుకోలేరు. వెళ్లేముందు పూడ్చాలి.

అలల మీద బోర్లా పడుకుని జారే బూగీ బోర్డు నిలబెడితే బొడ్డు దాకా రావాలి. లోపల థర్మోకోల్ ఉన్నది మూడో అలకే విరిగింది. పాలిథిలీన్‌ది నిలుస్తోంది, కానీ ఎండలో మూసిన కారులో వదిలితే పై పొర ఉబ్బి లేస్తుంది. డేరాకు మేకులు ఇసుకలో పట్టవు. సంచుల్లో ఇసుక నింపి, ఒక అడుగు లోతున పాతి, తాడు కడితే గాలికి నిలుస్తుంది. రెండు వైపులా కిటికీ లేని డేరా లోపల బయటకన్నా ఉక్క. అడుగు గాజు పడవ గురించి ఒక్క మాట: ఉదయమే ఎక్కండి, మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేచి అలలు పెరుగుతాయి. కిందికే చూస్తూ కూర్చుంటే పిల్లలకు వాంతులు, మధ్య మధ్య దూరంగా దిగంతం చూడమనాలి.

వాన పట్టిన పూటకు ఒక భూతద్దం, అయస్కాంతం, చిన్న సీసాలో వెనిగర్. చారెడు ఇసుక ఆరబెట్టి పళ్లెంలో పరిస్తే రెండు గంటలు తెలియకుండా పోతాయి. వెనిగర్ చుక్క వేస్తే బుడగలు వచ్చాయంటే అందులో గవ్వ, పగడం ముక్కలున్నాయి. రానిది రాతి ఇసుక. కాగితం కింద అయస్కాంతం ఆడిస్తే నల్ల రేణువులు కొన్ని వెంట నడుస్తాయి, అవి ఇనుప ఖనిజం.

ఒడ్డుకు వెళ్లేటప్పుడు మాత్రం వెనిగర్ లీటరు సీసా పెట్టుకుంటాం. బాక్స్ జెల్లీఫిష్ ఉండే తీరాల్లో అది కుడితే రుద్దకుండా, మంచినీళ్లు పొయ్యకుండా, కనీసం 30 సెకన్లు వెనిగర్ పొయ్యాలి. ఊపిరి, గుండె తేడా కనిపిస్తే ముందు అంబులెన్స్. అన్ని జెల్లీఫిష్‌లకూ వెనిగర్ సరిపడదు, అందుకే ఏ తీరంలో ఏవి ఉంటాయో కాపలా వాళ్లను మొదటి రోజే అడగాలి.

రాత్రి పీతలు చూడ్డం అన్నిటికన్నా తేలికైన ఆట. చీకటి పడ్డాక గంటకు, టార్చికి ఎర్ర కాగితం చుట్టి, పొడి ఇసుకలో నడిస్తే ఇసుక పీతలు బొరియల్లోంచి పరుగులు తీస్తాయి. తాబేళ్లు గుడ్లు పెట్టే తీరమైతే తెల్ల దీపం అసలు వెయ్యకూడదు, తాబేలు వెనక్కి వెళ్లిపోతుంది, పిల్ల తాబేళ్లు దారి తప్పుతాయి.

గదికి వచ్చాక కాళ్ల ఇసుక వదలకపోతే మొక్కజొన్న గంజిపొడి (కార్న్‌ఫ్లోర్) చల్లి తుడిస్తే రాలిపోతుంది. మాస్కులు, జిప్పులు, బూట్లు ఒక బకెట్ మంచినీళ్లలో పావుగంట నానబెట్టి నీడలో ఆరేస్తాం. ఉప్పు ఆరిన జిప్ మరుసటి రోజు కదలదు, దాని పళ్ల మీద కొవ్వొత్తి రుద్దితే మళ్లీ నడుస్తుంది.