నీటిని ఆదా చేసే పరికరాలు: ఆరేళ్ల వాడకం తర్వాత

ఇంట్లో ఆరేళ్లుగా, నేను నిర్వహణ బాధ్యతలు చూసే ఒక చిన్న కార్యాలయంలో నాలుగేళ్లుగా నీటిని ఆదా చేసే పరికరాలు వాడుతున్నాము. కుళాయి మూతికి బిగించి ధారలో గాలి కలిపే జాలీలు, అంటే ఏరేటర్లు, రెండు మీటల ఫ్లష్ ట్యాంకులు, తక్కువ ధార షవర్లు, వాటంతటవే మూసుకునే కుళాయిలు, చివరగా నీటి మీటర్లు ఇందులో ఉన్నాయి. బిగించిన మొదటి వారంలో వీటిలో ప్రతిదీ మంచి వస్తువుగానే కనిపిస్తుంది. జాలీకి సున్నం పట్టి, రబ్బరు వాషరు గట్టిపడి, స్ప్రింగు బిగుసుకుపోయిన తర్వాత కూడా ఆ పరికరం నీటిని నిజంగా మిగులుస్తోందా అన్నది రెండు మూడేళ్లు గడిస్తే గాని తెలియదు. అందువల్ల పెట్టె మీద అచ్చు వేసిన అంకెల కంటే మేము కొలిచి చూసిన అంకెలకే ఇక్కడ ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ముందు ఏరేటర్ల సంగతి. కొలత చాలా తేలిక: లీటరు పాత్రను కుళాయి కింద పెట్టి, పూర్తిగా తిప్పి, ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడాలి. మా వాష్ బేసిన్ కుళాయి కింద పాత్ర 5 సెకన్లలో నిండేది, అంటే నిమిషానికి 12 లీటర్లు. నిమిషానికి 6 లీటర్ల ఏరేటర్ బిగించాక అదే పాత్ర నిండడానికి 10 సెకన్లు పట్టింది. ధారలో గాలి కలవడం వల్ల చేతులు కడుక్కునేటప్పుడు నీరు తగ్గినట్లు అనిపించదు. మేలైన ఏరేటర్లలో ఒక రబ్బరు రింగు ఉంటుంది. ఒత్తిడి పెరిగినప్పుడు అది నొక్కుకుపోయి దారిని ఇరుకు చేస్తుంది కాబట్టి, ఒత్తిడి ఎంత ఉన్నా ధార ఒకేలా వస్తుంది.

అయితే ఈ రింగు సరిగా పనిచేయాలంటే దాదాపు ఒక బార్ ఒత్తిడి అవసరం, ఒక బార్ రావాలంటే నీటిమట్టం కుళాయికి సుమారు 10 మీటర్ల ఎత్తున ఉండాలి. మా పై అంతస్తు కుళాయికీ కప్పు మీది ట్యాంకుకూ మధ్య ఎత్తు 3 మీటర్లే. కింది అంతస్తులో చక్కగా పనిచేసిన ఏరేటర్ పైన సన్నని దారంలా నీరు వదిలింది, నెల తిరక్కముందే ఇంట్లోవాళ్లు దాన్ని ఊడదీసి పక్కన పెట్టారు. వాళ్ల తప్పేమీ లేదు. ఆ కుళాయికి రింగు లేని మామూలు జాలీ బిగించాక ఇబ్బంది తీరింది. కొనబోయేవారు నిమిషానికి ఎన్ని లీటర్లన్నది మాత్రమే కాక, ఆ అంకెను ఏ ఒత్తిడి దగ్గర కొలిచారో కూడా తప్పక చూడాలి. మరొక మాట: బకెట్టు నింపే కుళాయికి ఏరేటర్ పెట్టి లాభం లేదు. బకెట్టుకు పట్టే నీరు బకెట్టుకు పట్టనే పడుతుంది, ఆలస్యం ఒక్కటే అదనం. ధార కింద చేతులు గాని పాత్రలు గాని పెట్టి కడిగే చోటే దీనికి పని ఉంటుంది.

నిర్వహణ పెద్ద కష్టం కాదు. మా నీటిలో సున్నం ఎక్కువ కాబట్టి మూడు నెలలకొకసారి జాలీ విప్పి, అరగంట వెనిగర్‌లో నానబెట్టి, పాత పళ్ల బ్రష్‌తో రుద్దుతాము. ఒకసారి ఏడాది పాటు పట్టించుకోకపోతే ధార సగానికి పడిపోయి, పక్కలకు చిమ్మడం మొదలైంది.

అత్యధికంగా నీరు మిగిల్చినదీ, అత్యధికంగా మమ్మల్ని మోసగించినదీ రెండు మీటల ఫ్లష్ ట్యాంకే. ఈ పద్ధతికి నేటి రూపం 1980లో ఆస్ట్రేలియాలో కరోమా సంస్థలో బ్రూస్ థాంప్సన్ చేతిలో వచ్చింది. మా పాత ట్యాంకు నొక్కినప్పుడల్లా 10 లీటర్లు వదిలేది. కొత్తది పెద్ద మీటకు 6, చిన్న మీటకు 3 వదులుతుంది. నలుగురం, ఒక్కొక్కరు రోజుకు ఐదుసార్లు, అందులో ఒకసారి మాత్రమే పెద్ద మీట అనుకుంటే పాత లెక్కన 200 లీటర్లు, కొత్త లెక్కన 72. రోజుకు 128 లీటర్ల మిగులు అంటే చిన్న విషయం కాదు, మొదటి రెండేళ్లు ఆ మిగులు నిజంగానే దక్కింది.

మూడో ఏట మా పంపు మునుపటి కంటే తరచుగా తిరుగుతున్నట్లు గమనించాను. ఎక్కడా తడి లేదు, చప్పుడు లేదు. ఫ్లష్ ట్యాంకు మూత తీసి, నీటిలో కొంచెం రంగు కలిపి, పావుగంట ఎవరినీ మీట నొక్కవద్దన్నాను. పదో నిమిషానికే కమోడ్ గోడ మీద సన్నని రంగు గీత దిగింది. ఎంత పోతోందో తెలుసుకోవాలని ట్యాంకులోకి నీరు వచ్చే వాల్వు కట్టేసి, నీటిమట్టం దగ్గర పెన్సిల్‌తో గీత గీసి, గంట తర్వాత చూస్తే మట్టం 4 సెంటీమీటర్లు దిగింది. ట్యాంకు లోపలి కొలత 35 సెంటీమీటర్లు, 12 సెంటీమీటర్లు కాబట్టి గంటకు దాదాపు 1.7 లీటర్లు, రోజుకు 40 లీటర్లు. మేము మిగిలిస్తున్నామనుకున్న నీటిలో మూడో వంతుకు దగ్గరగా మా కళ్లెదుటే కారిపోతోంది, అదీ ఎన్ని నెలలుగానో చెప్పలేను. దీనికి కారణం నిర్మాణంలోనే ఉంది. ఈ ట్యాంకుల అడుగున ఒక రబ్బరు వాషరు నీటి బరువును ఆపుతూ ఉంటుంది. అది గట్టిపడినా, కింద ఇసుక రేణువు చిక్కినా నీరు నిశ్శబ్దంగా జారుతుంది. బ్రిటన్‌లో చాలాకాలం వాడిన సైఫన్ ట్యాంకుల్లో నీరు వంపు గొట్టంలో పైకెక్కితే తప్ప బయటకు పోదు కాబట్టి ఈ జబ్బు ఉండేది కాదు. మా ట్యాంకులాంటి, వాషరుతో నీటిని ఆపే వాల్వు ట్యాంకులను అక్కడ అనుమతించింది 2001 నుంచే.

వాషరు మార్చడం పది నిమిషాల పని. కాని మొదట కొన్న ట్యాంకు తయారీదారు ఆ నమూనాను ఆపేయడంతో సరిపడే వాషరు దొరకలేదు, ఒక వేలెడంత రబ్బరు ముక్క కోసం లోపలి వాల్వు మొత్తం మార్చవలసి వచ్చింది. ఇది నన్ను నిజంగా బాధించింది. రెండో ట్యాంకు కొన్నప్పుడు విడిభాగాలు విడిగా దొరుకుతాయో లేదో ముందే అడిగి, రెండు వాషర్లు అదనంగా తెచ్చి ఇంట్లో ఉంచాను.

కార్యాలయంలో మరో పొరపాటు జరిగింది. పాత కమోడ్లను అలాగే ఉంచి ట్యాంకులు మాత్రమే మార్చారు. 10 లీటర్ల ఉరవడికి తగ్గట్టు మలచిన కమోడ్ 6 లీటర్లకు శుభ్రపడదు, అందువల్ల అందరూ రెండుసార్లు నొక్కేవారు, ఖర్చు 12 లీటర్లకు చేరింది. కమోడ్, ట్యాంకు ఒక జతగా ఉండాలి.

అక్కడి అసలు నష్టం మాత్రం వేరే చోట బయటపడింది. భవనానికి వచ్చే పైపు మీద మీటరు పెట్టించిన రోజు రాత్రి 7 గంటలకు, మర్నాడు ఉదయం 8 గంటలకు రీడింగు రాసుకున్నాను. లోపల మనిషి లేని ఆ 13 గంటల్లో 260 లీటర్లు ఖర్చయ్యాయి. అంటే గంటకు సరిగ్గా 20. కారే కుళాయి అంత లెక్కగా కారదు కదా అని వెతికితే, పురుషుల మూత్రశాల గోడ మీది తొట్టి కనిపించింది. అది అరగంటకొకసారి 10 లీటర్లు తనంతట తానే వదులుతోంది, ఎవరున్నా లేకున్నా, సెలవు రోజైనా. వారంలో 168 గంటలుంటే కార్యాలయం నడిచేది 60 గంటలే. మిగిలిన 108 గంటల్లో 2,160 లీటర్లు వృథా. దానికి వచ్చే పైపు మీద టైమరు వాల్వు పెట్టించాము. మా మొత్తం ప్రయత్నంలో ఇంత తక్కువ శ్రమతో ఇంత ఫలితం ఇచ్చిన పని మరొకటి లేదు.

సెన్సరు కుళాయిల విషయంలో నా అభిప్రాయం అంత అనుకూలం కాదు. అద్దంలో ప్రతిబింబానికీ, పక్కన నడిచే మనిషికీ తెరుచుకుంటాయి, బ్యాటరీ అయిపోతే అసలు తెరుచుకోవు. నొక్కితే కొద్ది సెకన్లు పారి ఆగిపోయే కుళాయిలు వాటికంటే నయం. కాని రెండేళ్లకు ఒకదాని స్ప్రింగు మురికి పట్టి నొక్కినచోటే నిలిచిపోయింది, రాత్రంతా పారింది. ఇప్పుడు ఆరు నెలలకొకసారి వాటిని విప్పి శుభ్రం చేయిస్తున్నాను.

తక్కువ ధార షవర్ గురించి ఫిర్యాదు లేదు. నిమిషానికి 14 లీటర్ల స్థానంలో 7.5 వాడుతున్నాము, ఎనిమిది నిమిషాల స్నానానికి 52 లీటర్లు మిగులుతాయి. ఆ నీటి వేడిని 20 డిగ్రీల మేర పెంచడానికి పట్టే విద్యుత్తు సుమారు 1.2 యూనిట్లు, అదీ మిగులుతుంది. అప్పటికప్పుడు నీరు కాచే హీటర్లు కొన్ని ధార మరీ తగ్గితే వెలగవు, కాబట్టి హీటరుకు కావలసిన కనీస ధార ఎంతో చూసుకున్నాకే షవర్ ఎంచుకోవాలి. ఆర్.ఓ. శుద్ధి యంత్రం వదిలేసే నీటిని నేల తుడవడానికీ ఫ్లష్‌కూ వాడుతున్నాము. అందులో లవణాలు ఎక్కువ కాబట్టి మొక్కలకు పోయడం మానేశాను.

కొనేటప్పుడు లేబుళ్లు కొంత దారి చూపుతాయి. ఆస్ట్రేలియాలో 2005 నాటి చట్టం కింద వచ్చిన నక్షత్రాల లేబులూ, అమెరికాలో 2006లో మొదలైన వాటర్‌సెన్స్ గుర్తూ పరికరాన్ని ముందే పరీక్షించారన్న భరోసా ఇస్తాయి. అయితే ఆ పరీక్ష కొత్త వాషరు మీద జరిగినది. మూడేళ్లు వాడిన వాషరు సంగతి చెప్పగలిగేది మన గోడ మీది మీటరు ఒక్కటే. ఈ పరికరాలన్నిటిలో దాన్నే మొదట బిగించి ఉండవలసింది. మేము చివర బిగించాము, ఫలితంగా ఇంట్లో ఎన్ని నెలలు ఆ 40 లీటర్లు పోయాయో లెక్క లేకుండా పోయింది.

మళ్లీ కొనవలసి వస్తే మీటరు, వాష్ బేసిన్లకు ఏరేటర్లు, విడిభాగాలు దొరికే రెండు మీటల ట్యాంకు, షవర్ నిస్సందేహంగా కొంటాను. సెన్సరు కుళాయిలు కొనను. నెలకొకసారి పడుకునే ముందు, లేచిన వెంటనే మీటరు చూడడం అలవాటు చేసుకున్నాను. ఈ నెల ఇంటి మీటరులోని చిన్న చక్రం రాత్రంతా కదలలేదు. కార్యాలయంలో గంటకు రెండు లీటర్లు ఎక్కడో పోతున్నాయి. సోమవారం రెండో అంతస్తు ఫ్లష్ ట్యాంకుల్లో రంగు వేసి చూడాలి.