ఫ్యాబ్, బ్రిల్, వికెడ్, పక్కా: అనువాదకుడికి ఏది మేలు?

నేను ఇంగ్లిష్ కథలు తెలుగులోకి తెస్తుంటాను. ఓసారి రెండో ప్రపంచయుద్ధం నాటి కథ ఒకటి చేతికొచ్చింది. రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేసే ఇరవై ఏళ్ల కుర్రాడు విమానం దిగి, స్నేహితుడి భుజం చరిచి "విజర్డ్!" అంటాడు. మాటకి మాంత్రికుడనే అర్థమున్నా, అక్కడది మెచ్చుకోలు. నేను "సూపర్ రా!" అని రాసేశాను. ప్రూఫులు చూసే పెద్దాయన ఆ మాటకి ఎర్రసిరాతో సున్నా చుట్టి, పక్కన "ఏ సంవత్సరం?" అని రాసి పంపారు. రెండే మాటలు. "సూపర్" కొట్టేసి "భేష్!" అని పెట్టాక గానీ ఆ కుర్రాడు తన కాలంలో నిలబడలేదు. అప్పట్నుంచి మెచ్చుకోలు మాట కనబడితే ముందు దాని వయసు చూస్తున్నాను.

బ్రిటన్ కుర్రకారు మాటల్లో నాకు మాటిమాటికీ ఎదురయ్యేవి నాలుగు. అర్థం నాలుగింటికీ "భలే" అనే. కానీ తెలుగులో ఒక్కోటి ఒక్కో తంటా తెచ్చిపెడుతుంది. ముందే చెప్పేస్తున్నా, నా ఓటు వికెడ్‌కి.

ఫ్యాబ్ సంగతి తేలిక. ఫాబ్యులస్‌ని సగానికి కోస్తే వచ్చిన మాట. 1963లో లివర్‌పూల్ నలుగురు కుర్రాళ్ల పాటల బృందం బీటిల్స్ గాలి వీచినప్పుడు వాళ్ల ప్రెస్ ఆఫీసర్ టోనీ బారో రాతల్లోంచి "ఫ్యాబ్ ఫోర్" అనే పేరు పుట్టింది. 1964లో ఫాబ్యులస్ పేరుతో కుర్రకారు కోసం ఓ వారపత్రికే వచ్చింది. ఆ గాలికే లివర్‌పూల్ మాట "గేర్" కూడా దేశమంతా పాకింది. ఇవాళ గేర్ అంటే సామాను, బట్టలు అనే అర్థాలే ముందు తడతాయి. ఫ్యాబ్ మాత్రం మాట వినగానే అరవైల నాటిదని తెలిసిపోతుంది. అదే దాని బలం. తెలుగులో "భలే" అని పెడితే అర్థం వస్తుంది, ఆ కాలపు వాసన రాదు. నేను రాజీపడి "భలే" దగ్గరే ఆగుతున్నాను.

బ్రిల్ ఎనభైల నాటి బడిపిల్లల మాట, బ్రిలియంట్‌కి పొట్టి రూపం. ఇక్కడో విచిత్రం ఉంది. బ్రిలియంట్ ఇప్పటికీ బ్రిటన్‌లో అందరి నోటా ఆడుతోంది. కౌంటర్‌లో ఫారం నింపి ఇచ్చినా "బ్రిలియంట్" అంటారు. బ్రిల్ మాత్రం ముసలిదైపోయింది. పొట్టి మాట ఒక ఈడు పిల్లల గుర్తు. ఆ పిల్లలకి నెరిసిన జుట్టు వస్తే మాటకీ వస్తుంది. మన "అదిరింది", "అదుర్స్" చూడండి. మొదటిది ఏ వయసువాళ్లయినా అంటారు. రెండోది వినగానే అదెప్పటి మాటో తెలిసిపోతుంది. అందుకే బ్రిల్‌కి "అదుర్స్" పెట్టాలని చెయ్యి లాగుతుంది. పుట్టిన తీరు ఒకటే గానీ పుట్టిన ఏళ్లు వేరు. 1980ల లండన్ పిల్లాడి నోట "అదుర్స్" పెడితే ఆ పెద్దాయన మళ్లీ సున్నా చుడతారు.

వికెడ్ దగ్గర నాకు ఊపిరాడుతుంది. దుర్మార్గం, పాపిష్టి అని అర్థమిచ్చే మాట. అమెరికాలో 1920ల నుంచే మెచ్చుకోలుగా వాడుకలో ఉంది. బ్రిటన్ కుర్రకారు నోట పండింది మాత్రం ఎనభైల్లో. చెడ్డమాటని తలకిందులు చేసి మెచ్చుకోవడం తెలుగువాడికి కొత్తగా నేర్పక్కర్లేదు. పాట బాగా పాడితే "చంపేశావ్ పో!" అంటాం. విడవకుండా పనిచేసేవాణ్ణి "పనిరాక్షసుడు" అంటాం. హైదరాబాదులో "ఖతర్నాక్" అంటే ప్రమాదకరమనీ అవుతుంది, అద్భుతమనీ అవుతుంది. వికెడ్ లాగే. కొత్త సైకిలు చూసి పిల్లాడు "వికెడ్!" అని అరిస్తే, మాట మారినా మెలిక మారకుండా తెలుగులోకి తేవచ్చు. మిగతా మూడింటికీ ఈ వీలు లేదు. ఒక్కటే చూసుకోవాలి: "ఖతర్నాక్" పెడితే పిల్లాడు లండన్ వదిలి హైదరాబాద్ గల్లీలోకి వచ్చేస్తాడు. అందుకే నేను ఎక్కువగా "చంపేసింది!" వైపే మొగ్గుతాను.

ఇక పక్కా. మన మాటే కదా, తేలిక అనుకుంటాం. నన్ను ఎక్కువసార్లు పడగొట్టింది ఇదే. ఇండియాలో ఉన్న ఇంగ్లిష్‌వాళ్లు పట్టుకెళ్లిన మాట. ఇలా ఇక్కడ్నుంచి ఇంగ్లిష్‌లోకి వెళ్లిన మాటలకి 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులోనూ ఉంది. అసలైనది, గట్టిది అనే అర్థంతో చాలాకాలం నడిచి, 1990ల్లో కుర్రాళ్ల నోట "భలే" అయింది. 1999లో బీబీసీ టీవీలో వంటలు మొదలుపెట్టిన జేమీ ఆలివర్ దాన్ని ఇంటింటికీ చేర్చాడు. తెలుగులో పక్కా అంటే ఖాయం. నా చేతిలో ఉన్న ఓ కథలో వంటవాడు గిన్నె మూత తీసి, రుచి చూసి ఈ మాటే అంటాడు. తెలుగులోనూ "పక్కా!" అన్నాడని రాస్తే, "ఏంటి పక్కా?" అని పాఠకుడు ఎదురుచూస్తాడు.

ఈ మాట మీద ఓ మధ్యాహ్నమంతా కూర్చున్నాను. హిందీ పక్కాకి మూలం సంస్కృతంలో పక్వం, అంటే వండినది, పండినది. పాకం కూడా ఆ ధాతువు బిడ్డే. ఆ కథలో వంటవాడు చెంచా నాకి, కళ్లు మూసుకుని, "పాకం కుదిరింది!" అన్నాడు. ఈసారి ప్రూఫు మీద సున్నా లేదు.